విడాకుల తరువాత కూడా వేధిస్తున్న మాజీ భర్త నుంచి కోర్టు రక్షణ పొందడం ఎలా?

ప్రశ్న: మధురవాడ నివాసి

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో, మధురవాడ ప్రాంతంలో మా అమ్మతోను, ఒకటో తరగతి చదువుతున్న మా పాపతోను ఉంటున్నాను. రుషికొండ దగ్గర ఒక ప్రైవేటు సంస్థలో ఉద్యోగం చేస్తున్నాను. పరస్పర అంగీకారంతో ఫ్యామిలీ కోర్టులో మాకు విడాకులు వచ్చాయి. కాపురం చేసినన్నాళ్లూ చేయి చేసుకోవడం, జీతం తీసేసుకోవడం, పుట్టింటివారితో మాట్లాడనివ్వకపోవడం ఉండేవి. వాటి మీద అప్పట్లో కేసు ఏదీ పెట్టలేదు. పెద్దలు కూర్చోబెట్టి మాట్లాడిన మీదట, ఎవరి దారి వారిదైతే చాలునని ఇద్దరమూ సంతకాలు చేశాము. పాప నా దగ్గరే ఉండేటట్లు, ఆదివారాలు తండ్రి వచ్చి కొన్ని గంటలు తీసుకువెళ్లి తిరిగి దింపేటట్లు డిక్రీలో రాసి ఉంది.

ఇప్పుడు ఆ ఆదివారాలే మాకు భయంగా మారాయి. పాపను దింపే నెపంతో వచ్చి, గుమ్మం ముందు నిలబడి, ఇరుగుపొరుగు వినేటట్లు నన్ను నానా మాటలూ అంటున్నాడు. పనిదినాలలో సాయంత్రం మా ఆఫీసు గేటు దగ్గర బండి మీద కాపు కాసి, నేను ఎక్కిన షేర్ ఆటో వెనకాలే మా వీధి మొగ వరకు వస్తున్నాడు. ఒక నంబరు బ్లాక్ చేస్తే మరో నంబరు నుంచి అర్ధరాత్రి ఫోన్లు వస్తున్నాయి. నా పేరుతో ఇన్‌స్టాగ్రామ్‌లో నకిలీ ఖాతా తెరిచాడు. కాపురంలో ఉన్నప్పటి ఫొటోలు మా ఆఫీసువాళ్లకు పంపుతానని బెదిరిస్తున్నాడు. మొన్న మా అమ్మతో, "నీ కూతురు ఎలా బతుకుతుందో నేనూ చూస్తాను" అని అన్నాడట.

పోలీసు స్టేషనుకు వెళ్లాము. "పాపకు తండ్రే కదమ్మా, కూర్చుని మాట్లాడుకోండి" అని చెప్పి పంపేశారు. మేము ఇచ్చిన కాగితానికి రసీదు కూడా ఇవ్వలేదు. నా సందేహాలు ఇవి. విడాకులైన స్త్రీకి గృహహింస చట్టం వర్తిస్తుందా? అతడు మా ఇంటికి, ఆఫీసుకు రాకుండా కోర్టు ఆపగలదా? అందుకు ఎవరిని కలవాలి? దయచేసి తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: విశాఖ న్యాయవాది

అమ్మా, ముందు మీ మొదటి సందేహం తీరుస్తాను. వర్తిస్తుంది. గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే 2005 నాటి చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉంది. అందులో గృహసంబంధాన్ని నిర్వచించే 2(ఎఫ్) సెక్షను, ప్రస్తుతం కలిసి ఉంటున్నవారినే కాక, గతంలో ఎప్పుడైనా ఒకే ఇంట్లో కలిసి జీవించినవారిని కూడా చేర్చుకుంది. విడాకులు మంజూరైనంత మాత్రాన అంతకుముందు జరిగిన హింసకు భర్త బాధ్యత తొలగిపోదని సుప్రీంకోర్టు 2014లో జువేరియా అబ్దుల్ మజీద్ పట్నీ కేసులో చెప్పింది. 2022లో ప్రభా త్యాగి కేసులో మరొక అడుగు ముందుకు వేసి, దరఖాస్తు పెట్టే నాటికి కలిసి ఉండకపోయినా, ఆ పాత సంబంధం కారణంగా తరువాతి కాలంలో హింసకు గురైన స్త్రీ కూడా కోర్టును ఆశ్రయించవచ్చునని స్పష్టం చేసింది. మీ పరిస్థితికి ఈ రెండో తీర్పు చాలా దగ్గరగా ఉంది కనుక, మీ తరఫు వకీలు దాన్ని దరఖాస్తుతో పాటే దాఖలు చేయడం మంచిది.

అయితే ఒక అడ్డంకిని ఇప్పుడే చెప్పాలి. పరస్పర అంగీకార విడాకుల ఒప్పందాలలో "ఇకమీదట ఒకరి మీద ఒకరు ఏ కేసులూ పెట్టుకోరాదు" అన్న వాక్యం తరచుగా ఉంటుంది. మీ కాగితాలలో అది ఉంటే ఎదుటి వకీలు మొదట చూపించేది దాన్నే. అందుకే మీ దరఖాస్తు పాత కాపురపు కష్టాల మీద కాక, విడాకుల తరువాత జరిగిన వాటి మీద నిలబడాలి. పాత విషయాలు నేపథ్యంగా ఒక పేరాలో వస్తే చాలు. గతానికి సంబంధించిన రాజీ, రేపు చేయబోయే బెదిరింపునకు అనుమతి పత్రం కాదని వాదించడానికి అప్పుడు వీలుంటుంది.

ఇక మీరు అడిగిన రక్షణ ఉత్తర్వు సంగతి. 12వ సెక్షను కింద మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు పెట్టాలి. కోర్టు మనుషులు దీన్ని డీవీసీ, అంటే గృహహింస కేసు, అంటారు. మీరు నివసించే చోట, మీరు ఉద్యోగం చేసే చోట, అతడు నివసించే చోట, లేదా సంఘటన జరిగిన చోట, వీటిలో దేని పరిధిలోని కోర్టులోనైనా వేయవచ్చు. తాత్కాలికంగా బంధువుల ఇంట తలదాచుకున్నా ఆ ఊరి కోర్టుకు అధికారం ఉంటుంది. దరఖాస్తు అందిన మూడు రోజులలోపు మొదటి వాయిదా వేయాలని, ఆ తరువాత 60 రోజులలో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతోంది. వాస్తవంలో వాయిదాలు అంతకు మించి సాగుతాయి. కాబట్టి తుది ఉత్తర్వు కోసం ఎదురుచూడకుండా, 23వ సెక్షను కింద మధ్యంతర ఉత్తర్వు కోసం మొదటి రోజే అఫిడవిట్‌తో అడగండి. ప్రమాదం ఉందని మేజిస్ట్రేటుకు అనిపిస్తే, అతడి వాదన వినకముందే ఆ ఉత్తర్వు ఇవ్వవచ్చు.

18వ సెక్షనులో ఏమేమి అడగవచ్చో చాలామందికి తెలియదు. అతడు మీ ఆఫీసులోకి, పాప చదివే బడిలోకి రాకూడదని అడగవచ్చు. ఫోను, ఉత్తరం, వాట్సాప్, ఇతరుల ద్వారా కబురు, ఏ రూపంలోనూ మిమ్మల్ని సంప్రదించకూడదని అడగవచ్చు. మీ అమ్మగారిని, మీకు సాయపడుతున్న మరెవరినైనా బెదిరించకూడదని అడగవచ్చు. దరఖాస్తులో "అతడు నన్ను వేధించకుండా ఉత్తర్వు ఇవ్వండి" అని మాత్రమే రాస్తే, వచ్చే ఉత్తర్వు కూడా అంతే పలచగా ఉంటుంది, దాన్ని ఉల్లంఘించాడని నిరూపించడం కష్టమవుతుంది. ఫలానా భవనం, ఫలానా వీధి, ఫలానా బడి అని స్థలాలను పేర్కొనండి. ఆఫీసు గేటు బయట ఉన్న రోడ్డును, ఆటోలు ఆగే చోటును కూడా చేర్చమని అడగండి, ఎందుకంటే అతడు నిలబడేది లోపల కాదు, అక్కడే.

ఆ ఉత్తర్వును, అది మధ్యంతర ఉత్తర్వైనా సరే, అతడు ఉల్లంఘిస్తే 31వ సెక్షను కింద అది నేరం. ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 32వ సెక్షను ప్రకారం అది పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయగల నేరం, నాన్ బెయిలబుల్ కూడా. బాధితురాలి సాక్ష్యం ఒక్కదాని మీదనే కోర్టు నేరాన్ని నిర్ధారించవచ్చునని కూడా ఆ సెక్షనే చెబుతోంది.

దీనికి సమాంతరంగా క్రిమినల్ కేసు మార్గం వేరే ఉంది. వద్దని తేటగా చెప్పిన తరువాత కూడా పదేపదే వెంటపడడం, సంప్రదించడానికి ప్రయత్నించడం పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను కింద నేరం. బెదిరింపులకు 351వ సెక్షను ఉంది. ఇక్కడ "వద్దని తేటగా చెప్పడం" కీలకం. పాప విషయం తప్ప మరే విషయంలోనూ మిమ్మల్ని సంప్రదించవద్దని అతడికి ఒకే ఒక సందేశం మర్యాదగా, క్లుప్తంగా పంపి, దాన్ని భద్రపరచుకోండి. ఆ తరువాత అతడి కవ్వింపులకు జవాబు ఇవ్వవద్దు. స్టేషనులో ఫిర్యాదు తీసుకోకపోతే, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173(4) సెక్షను ప్రకారం దాన్ని రిజిస్టర్డ్ పోస్టులో పోలీసు కమిషనరుకు పంపండి. అప్పటికీ కదలిక లేకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు.

జవాబు: గతంలో గృహహింస (డీవీ) సెల్‌లో పనిచేసిన సామాజిక కౌన్సిలర్

వకీలుగారు చెప్పిన చట్టం అంతా సరైనదే. ఒక్క విషయంలో మాత్రం నా అనుభవం వేరు. నేరుగా వకీలు ద్వారా కోర్టుకు వెళ్లడం కంటే, ముందు ఈ చట్టం కింద బాధితులకు సాయపడే ప్రభుత్వాధికారి, అంటే రక్షణాధికారి దగ్గరకు వెళ్లమని నేను చెబుతాను. మన రాష్ట్రంలో మహిళాభివృద్ధి, శిశు సంక్షేమ శాఖ జిల్లా కార్యాలయంలో ఈ వ్యవహారాలు చూస్తారు. అక్కడ మీరు చెప్పిన వివరాలతో గృహహింస సంఘటన నివేదికను నిర్ణీత నమూనాలో తయారు చేసి మేజిస్ట్రేటుకు పంపుతారు. ఈ నివేదిక లేకపోయినా కోర్టు ఉత్తర్వు ఇవ్వవచ్చునని వకీలుగారు ప్రస్తావించిన 2022 తీర్పే చెప్పింది, అది నిజమే. కానీ నివేదికతో వెళ్లిన దరఖాస్తుకు ఒక ప్రభుత్వ అధికారి నమోదు చేసిన వాంగ్మూలం వెన్నుదన్నుగా ఉంటుంది, తరువాత నోటీసు అందజేసే బాధ్యత కూడా ఆ అధికారి మీదనే ఉంటుంది.

ఆ కార్యాలయం ఎక్కడో వెతుక్కోలేని స్థితిలో ఉంటే, కింగ్ జార్జ్ ఆసుపత్రి, అంటే కేజీహెచ్‌లోని సఖి వన్ స్టాప్ కేంద్రానికి వెళ్లండి. వైద్యం, పోలీసు సహాయం, న్యాయ సలహా, కౌన్సెలింగు, అవసరమైతే కొద్ది రోజుల తాత్కాలిక వసతి ఒకే చోట ఏర్పాటు చేయడానికే ఆ కేంద్రాలు పెట్టారు. 181 నంబరుకు ఏ వేళలో ఫోను చేసినా మిమ్మల్ని అక్కడికి కలుపుతారు. అప్పటికప్పుడు ప్రమాదం ఎదురైతే 181 కాదు, 112కే చేయాలి. వకీలుకు ఫీజు ఇచ్చుకోలేనివారికి మరొక మాట. 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. జీతం వస్తోంది కదా అని ఎవరైనా తిప్పి పంపితే ఆ చట్టంలోని 12వ సెక్షనును చూపండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, 15100 నంబరుకు ఫోను చేసినా చెబుతారు.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మరొకటి. నోటీసు అతడి చేతికి అందిన తరువాతి రోజులు చాలా జాగ్రత్తగా గడపవలసిన రోజులు. అంతవరకు మాటలతో ఆగినవాడు, తన మీద పట్టు జారుతోందని తెలిసి చేతలకు దిగడం నేను చూశాను. కాబట్టి నోటీసు వెళ్లకముందే కొన్ని పనులు పూర్తి చేయండి. ఆఫీసు సెక్యూరిటీకి అతడి ఫొటో, బండి నంబరు ఇవ్వండి. బడిలో ప్రధానోపాధ్యాయురాలిని కలిసి, పాపను మీకు గాని, మీ అమ్మగారికి గాని తప్ప మరెవరికీ అప్పగించవద్దని రాతపూర్వకంగా ఇవ్వండి. సాయంత్రం ఒకే వేళకు, ఒకే దారిలో రాకండి. నమ్మకమైన పొరుగువారు ఒకరికి విషయం చెప్పి, ఫోను చేస్తే వెంటనే వచ్చేటట్లు మాట తీసుకోండి. సిగ్గుపడవలసింది మీరు కాదమ్మా.

ఫోను సంగతి కూడా చూసుకోవాలి. కాపురంలో ఉన్నప్పుడు అతడికి తెలిసిన పాస్‌వర్డులన్నీ మార్చండి. మీ గూగుల్ ఖాతా ఏయే ఫోన్లలో తెరిచి ఉందో సెట్టింగులలో చూసి, తెలియని వాటిని తొలగించండి. లొకేషన్ పంచుకోవడం ఆపివేయండి. పాప ఆటలాడుకునే ట్యాబ్ తండ్రి కొనిచ్చినదైతే దాన్ని కూడా పరిశీలించండి. మీరు ఎక్కడున్నారో అతడికి ఎలా తెలుస్తోందన్న ప్రశ్నకు జవాబు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. ఫొటోల బెదిరింపుపై జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో స్త్రీలు, పిల్లలపై నేరాల కింద ఫిర్యాదు చేయవచ్చు. నకిలీ ఖాతాను తొలగించమని ఇన్‌స్టాగ్రామ్‌ను కోరే ముందు, ఆ ఖాతా చిరునామా, తేదీ కనబడేటట్లు స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకోండి. తొలగించాక చూపించడానికి ఏమీ మిగలదు.

చివరిగా, "ముందు కౌన్సెలింగు అయ్యాకే కేసు" అని ఎవరైనా అంటే ఒప్పుకోనవసరం లేదు. ఈ చట్టం కింద కౌన్సెలింగుకు పంపే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది, అది కేసు దాఖలైన తరువాతి మాట. రాజీ కుదిరితేనే కాగితం తీసుకుంటామనే హక్కు ఎవరికీ లేదు.

జవాబు: గాజువాక వైపు నుంచి ఒక తల్లి

అక్కా, నేను ఈ దారిలో నడిచినదాన్ని కనుక రాస్తున్నాను. నాకు మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. ఉత్తర్వు రాగానే అంతా సర్దుకుంటుందని మావాళ్లు అనుకున్నారు, అయితే అసలు పని అప్పుడే మొదలైంది. 24వ సెక్షను ప్రకారం ఉత్తర్వు నకలును కోర్టు ఉచితంగా ఇరుపక్షాలకు, ఆ ప్రాంతపు పోలీసు స్టేషను అధికారికి ఇవ్వాలి. అది స్టేషనుకు చేరిందో లేదో మీరే వెళ్లి కనుక్కోవాలి. నేను ఒక సర్టిఫైడ్ కాపీ తీసుకువెళ్లి స్వయంగా ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకున్నాను. అతడు మా ఇంటి ముందుకు వచ్చిన రాత్రి ఆ ముద్ర వేసిన కాగితమే పనికి వచ్చింది. డ్యూటీలో ఉన్నవారికి ఈ చట్టంలో అరెస్టు చేయవచ్చునన్న సంగతి వెంటనే తట్టలేదు. 31, 32 సెక్షన్లు అచ్చు వేసిన కాగితాన్ని ఉత్తర్వుకు జతపరిచి ఉంచుకున్నాను కనుక, దాన్ని చూపించాను, కేసు కట్టారు.

మరొక విషయం, ఉల్లంఘన చిన్నదైనా వదలవద్దు. "ఒక్క ఫోనే కదా" అని మొదటిసారి ఊరుకుంటే, రెండోసారికి అతడు తెగిస్తాడు. అప్పుడు స్టేషనులో కూడా "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు" అని అడుగుతారు. నేను ఒక నోటుపుస్తకం పెట్టుకుని తేదీ, వేళ, చోటు, అతడు అన్న మాట, పక్కన ఎవరున్నారు అన్నవి ఆ రాత్రికి ఆ రాత్రే రాసుకునేదాన్ని. కోర్టులో ఎదుటి వకీలు తికమక పెట్టినప్పుడు ఆ రాతే నన్ను నిలబెట్టింది.

ప్రశ్న: మరొక పాఠకురాలు

మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. నా స్నేహితురాలు పెళ్లి చేసుకోకుండా ఒకరితో కొన్నేళ్లు ఎంవీపీ కాలనీలో ఒకే ఇంట్లో ఉండి విడిపోయింది. ఆమెకు ఈ చట్టం వర్తిస్తుందా?

జవాబు: విశాఖ న్యాయవాది

వివాహం వంటి సంబంధంలో కలిసి జీవించిన స్త్రీకి కూడా వర్తిస్తుంది. అయితే ఎంతకాలం ఉన్నారు, లోకం దృష్టిలో భార్యాభర్తలుగా మెలిగారా, ఇద్దరికీ వివాహ అర్హత ఉందా అన్న విషయాలను కోర్టు చూస్తుంది. వేలుసామి కేసులో సుప్రీంకోర్టు 2010లో ఈ కొలతలు చెప్పింది. అద్దె ఒప్పందం, ఇద్దరి పేర్లున్న గ్యాస్ కనెక్షను, బ్యాంకు కాగితాలు సాక్ష్యంగా పనికి వస్తాయి. ఒకే ఇంట్లో ఎన్నడూ ఉండకుండా ప్రేమించుకుని విడిపోయినవారికి మాత్రం ఈ చట్టం కాక, న్యాయ సంహిత 78వ సెక్షను కింద ఫిర్యాదు, లేదా సివిల్ కోర్టులో నిషేధ ఉత్తర్వు దారులు.

మధురవాడ నివాసి

ఇంత ఓపికగా రాసిన మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నా ఒప్పందంలో వకీలుగారు చెప్పిన వాక్యం ఉంది. ఈ వారంలోనే సెలవు పెట్టి, అమ్మను తోడు తీసుకుని కేజీహెచ్‌కు వెళ్తాను. ఒక్క సందేహం మిగిలింది. ఆదివారం అతడు పాప కోసం వస్తే పంపాలా, వద్దా? పంపకపోతే కోర్టు ధిక్కారం అంటాడేమోనని భయంగా ఉంది. పంపితే పాప చేత నా విషయాలు చెప్పిస్తున్నాడు. పోయిన వారం పాప ఏడుస్తూ వచ్చింది.

జవాబు: విశాఖ న్యాయవాది

మీ భయం అర్థమైంది. డిక్రీలో ఉన్న సందర్శన హక్కును మీ అంతట మీరు ఆపివేస్తే అతడికి ఒక ఆయుధం ఇచ్చినట్లవుతుంది. దాన్ని కోర్టు చేతనే మార్పించాలి. రెండు తోవలున్నాయి. హిందూ వివాహ చట్టం 26వ సెక్షను కింద, పిల్లల సంరక్షణకు సంబంధించిన ఏర్పాట్లను డిక్రీ తరువాత కూడా మార్చమని ఫ్యామిలీ కోర్టును కోరవచ్చు. గృహహింస దరఖాస్తులోనే 21వ సెక్షను కింద మేజిస్ట్రేటును కూడా అడగవచ్చు. తండ్రి సందర్శన బిడ్డకు హాని చేస్తుందని తోస్తే నిరాకరించే అధికారం ఆ కోర్టుకు ఉంది. అయితే ఇప్పటికే ఒక కోర్టు డిక్రీ ఉన్నది కనుక, మార్పు కోసం ఫ్యామిలీ కోర్టులో కూడా దరఖాస్తు వేయాలన్నది నా అభిప్రాయం. సందర్శన పూర్తిగా రద్దు చేయమని కాకుండా, మీ గుమ్మం దగ్గర కాక కోర్టు సూచించిన చోట, మూడో వ్యక్తి సమక్షంలో జరగాలని కోరితే ఉత్తర్వు త్వరగా వచ్చే అవకాశం ఎక్కువ.

ఈలోగా వచ్చే ఆదివారానికి ఏం చేయాలంటే, మీరు గుమ్మంలోకి రాకండి. మీ అన్నదమ్ములో, మేనమామో, అతడు కాస్త తగ్గి మాట్లాడే పెద్దమనిషి ఒకరు పాపను తీసుకువెళ్లి, నలుగురూ తిరిగే చోట అప్పగించి, అక్కడే తిరిగి తీసుకోవాలి. ఆ వేళను, చోటును ముందురోజే సందేశంగా అతడికి పంపండి. పాపకు జ్వరమో, భయమో ఉండి పంపలేని రోజున కారణాన్ని రాతలో తెలియజేసి, డాక్టరు చీటీ ఉంటే దాచండి. పాపను మాత్రం "నాన్న ఏమన్నాడు" అని గుచ్చి గుచ్చి అడగవద్దు. రేపు కోర్టులో ఆ పసిబిడ్డ నోట మీరే మాటలు పెట్టారని అనే అవకాశం ఇవ్వకూడదు, అంతకు మించి బిడ్డ ఇద్దరి మధ్యా నలిగిపోతుంది. భయం ఎక్కువగా ఉంటే పిల్లల మానసిక వైద్యులకు చూపించండి. వారు తమ పరిశీలనలో తేలినది రాసి ఇస్తే అది దరఖాస్తుకు బలం.

కేజీహెచ్‌కు వెళ్లేటప్పుడు విడాకుల డిక్రీ, ఒప్పందం నకళ్లు, ఆధార్, పాప పుట్టిన తేదీ పత్రం, ఫోనులోని సందేశాల ప్రింట్లు తీసుకువెళ్లండి. ఆ సందేశాలు ఉన్న అసలు ఫోనును అమ్మవద్దు, రీసెట్ చేయవద్దు. డిజిటల్ సాక్ష్యాన్ని కోర్టు ముందు పెట్టేటప్పుడు పాత సాక్ష్య చట్టం స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద ధ్రువపత్రం జతపరచవలసి ఉంటుంది, దాన్ని మీ వకీలు తయారు చేస్తారు. స్టేషనులో మీరు ఇచ్చిన కాగితానికి రసీదు ఇవ్వలేదన్నారు. దాని నకలు మీ దగ్గర ఉంటే, ఏ రోజున వెళ్లారో రాసి, ఈ రోజే కమిషనరుగారి పేరిట రిజిస్టర్డ్ పోస్టులో పంపి, ఆ పోస్టు రసీదును డీవీసీ కాగితాలతో కలిపి ఉంచండి.